ఇంటర్ బైపీసీ అయింది, అమ్మాయి కౌన్సెలర్ అవుతానంటోంది: ఏ డిగ్రీలో చేర్పించాలి?

మిర్యాలగూడ నాన్న | జూన్ 2, రాత్రి 9.50

అందరికీ నమస్కారం. నేను ఒక రైస్ మిల్లులో గుమస్తాను. మా పెద్దమ్మాయి ఈ ఏడాది ఇంటర్ బైపీసీ మంచి మార్కులతో పూర్తి చేసింది. నీట్ కోచింగ్‌కు పంపుతానంటే వద్దంది. కౌన్సెలర్ అవుతానంటోంది. ఆ మాట విన్న రోజు నాకు అర్థం కాలేదు. సీట్లు కేటాయించే కౌన్సెలింగ్ తప్ప నాకు వేరే కౌన్సెలింగ్ తెలియదు మరి.

తను రెండేళ్లు హాస్టల్లో ఉండి చదివింది. రెండో ఏడాది దసరా సెలవుల తర్వాత పక్క మంచం అమ్మాయి అన్నం తినడం మానేసింది. దీపాలు ఆర్పాక లేచి గోడకు ఆనుకుని కూర్చునేదట. మా అమ్మాయి రోజూ తన పక్కన కూర్చునేది. “నువ్వేం చెప్పేదానివమ్మా?” అని అడిగితే, “ఏమీ చెప్పలేదు నాన్నా, తను చెప్పింది విన్నాను” అంది. వార్డెన్‌తో చెబితే, అందరికీ ఉండేదే, వెళ్లి చదువుకోండి అన్నారట. చివరకు ఆ అమ్మాయి తల్లిదండ్రులే వచ్చి తీసుకెళ్లి వైద్యం చేయించారు. ఇప్పుడు బాగుంది. “నాలుగు వందల మందిమి నాన్నా, మాట వినడానికి ఒక్క మనిషి లేరు” అని మా అమ్మాయి ఇప్పటికీ అంటుంది.

తెలంగాణలో డిగ్రీ సీట్లు ఆన్‌లైన్‌లో ఇచ్చే దోస్త్ రెండో విడతకు ఇంకా కొద్ది రోజులే ఉంది. బీఏ సైకాలజీ అని ఒకరు, బీఎస్సీ నర్సింగ్ అని ఒకరు, ఏ డిగ్రీ అయినా చేసి తర్వాత ఎంఎస్‌డబ్ల్యు, అంటే సోషల్ వర్క్‌లో పీజీ చేయమని ఇంకొకరు అంటున్నారు. ఫోనులో మాత్రం రోజూ ఒకటే ప్రకటన, ఆరు నెలల్లో కౌన్సెలర్ సర్టిఫికెట్ అని. తమ్ముడి చదువు కూడా ఉంది కాబట్టి డబ్బు ఆలోచించి పెట్టాలి. ఈ దారిలో నడిచినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పగలరు.

లెక్కల మాస్టారు | జూన్ 2, రాత్రి 10.35

అన్నా, ముప్పై ఏళ్లుగా పిల్లలకు పాఠాలు చెబుతున్నవాడిని, మనసులో మాట చెబుతాను. బీఎస్సీ నర్సింగ్‌లో చేర్పించండి. నాలుగేళ్లలో చేతికి ఉద్యోగం వస్తుంది. అప్పటికీ ఆసక్తి ఉంటే ఎమ్మెస్సీ నర్సింగ్‌లో మానసిక ఆరోగ్య విభాగం ఉంది, బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో కూడా చదవవచ్చు. బీఏ చేసి ఖాళీగా కూర్చున్న పిల్లలను మా ఊళ్లో చాలామందిని చూశాను. మధ్యతరగతి ఇంట్లో మొదట ఆధారం ఉండాలి.

బడి కౌన్సెలర్ | జూన్ 3, ఉదయం 6.15

మిర్యాలగూడ నాన్నగారూ, నేను హైదరాబాద్‌లో ఒక పాఠశాలలో పదకొండేళ్లుగా కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. మీ అమ్మాయి “విన్నాను” అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను.

మన పత్రికల్లో కౌన్సెలింగ్ అనే మాట ఎలా వాడతారో చూడండి. తాగి బండి నడిపిన కుర్రాళ్లను పోలీసులు పట్టుకుంటే ‘కౌన్సెలింగ్ ఇచ్చి పంపారు’ అని రాస్తారు. అంటే మందలించి పంపారని. నా దగ్గరకు వచ్చే తల్లిదండ్రులు కూడా “మేడమ్, మా వాడికి కాస్త కౌన్సెలింగ్ ఇవ్వండి” అంటారు. నాలుగు చివాట్లు పెట్టమని వాళ్ల ఉద్దేశం. మా పని దానికి నేరుగా వ్యతిరేకం. ఆ తేడా మీ అమ్మాయికి ఎవరూ నేర్పకుండానే తెలిసింది. అయితే తెలిసినంత మాత్రాన సరిపోదు, దానికి శిక్షణ కావాలి. ఆ శిక్షణ డిగ్రీలో దొరకదు, పీజీలో దొరుకుతుంది. మీరు ఇప్పుడు ఎంచుకునేది మూడేళ్ల చదువును కాదు, ఐదేళ్ల చదువును. అది ముందే తెలిసి దిగాలి.

నా సంగతి చెబుతాను. ఉద్యోగంలో చేరినప్పుడు నాకు ఇచ్చిన గది ఆటవస్తువుల గది. ఒక మూల క్రికెట్ కిట్లు, మరో మూల విరిగిన బెంచీలు. మొదటి వారం ఏడో తరగతి బాబును పంపారు. తరగతిలో ఎవరితోనూ మాట్లాడడు. రెండు పీరియడ్లు నా ఎదురుగా కూర్చుని బల్ల మీది గీతను పెన్నుతో తవ్వుతూనే ఉన్నాడు. నేను కూడా మాట్లాడలేదు. మూడో రోజు తానే “ఈ గీత ఎవరు గీశారు మేడమ్?” అని అడిగాడు. అక్కడి నుంచి కదిలింది. ఎంత సేపు ఊరుకోవాలో, ఎప్పుడు పలకరించాలో నాకు పుస్తకంలో దొరకలేదు. ఎమ్మెస్సీలో ఇంటర్న్‌షిప్ చేసినప్పుడు నా పక్కన కూర్చుని చూసిన మా మేడమ్ నేర్పారు.

కాబట్టి ఏ కళాశాలకు వెళ్లినా కోర్సు పేరు తర్వాత అడగండి. మొదట ఇది అడగండి: పిల్లలను ఎక్కడికి పంపి పని నేర్పిస్తారు, ఎన్ని గంటలు, అక్కడ తప్పులు సరిదిద్దే మనిషి ఎవరు? దీనికి తడుముకోకుండా జవాబు చెప్పిన చోట చేర్పించండి.

కొత్తదారి | జూన్ 3, ఉదయం 8.40

ఆ ఆరు నెలల ప్రకటన గురించి నేను చెప్పాలి, ఎందుకంటే నేను ఆ డబ్బు కట్టాను.

నేను బీకాం. మూడేళ్ల క్రితం ఆన్‌లైన్‌లో ఒక సంస్థ కౌన్సెలింగ్ డిప్లొమా అంటే చేరాను. ముప్పై ఎనిమిది వేలు. శని, ఆదివారాలు వీడియో పాఠాలు, చివర్లో టిక్కులు పెట్టే పరీక్ష. బంగారు అంచు సర్టిఫికెట్ పోస్టులో వచ్చింది. అది పట్టుకుని ఒక ఆసుపత్రికి వెళ్తే అక్కడి మేడమ్ చాలా మర్యాదగానే అడిగారు, “ఇప్పటివరకు ఎంతమందితో కూర్చున్నారు? మీ కేసులు ఎవరు చూశారు?” అని. నా దగ్గర జవాబు లేదు. ఒక్క మనిషితో కూడా కూర్చోకుండా నన్ను కౌన్సెలర్ అని రాసి పంపారు.

అంతకంటే పెద్ద బాధ ఇంకోటి ఉంది. ఆ సర్టిఫికెట్ నమ్మి మా బంధువుల్లో ఒకావిడ తన కష్టం నాతో చెప్పుకుంది. నాకు చేతనైన ధైర్యం చెప్పి పంపాను. ఆవిడకు కావలసింది డాక్టరు. అది నేను గుర్తుపట్టలేదు. నెల తర్వాత వాళ్ల అబ్బాయి తీసుకెళ్లి చూపించాడు కాబట్టి గండం గడిచింది. ఆ నెల రోజులు నా వల్ల ఆలస్యమయ్యాయి.

ఇప్పుడు ఎంఎస్‌డబ్ల్యు మొదటి సంవత్సరం చదువుతున్నాను, మామూలుగా రోజూ తరగతికి వెళ్లి.

మిర్యాలగూడ నాన్న | జూన్ 3, మధ్యాహ్నం 1.20

ఇంత వివరంగా రాసినందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. కొత్తదారి గారూ, మీ అనుభవం దాచుకోకుండా చెప్పారు, నా ముప్పై ఎనిమిది వేలు మిగిల్చారు.

రెండు సందేహాలు. మా మిల్లులో ఒకాయన దూరవిద్యలో ఎంఏ సైకాలజీ చేయవచ్చు, ఇంట్లోనే ఉండి చదువుకోవచ్చు అంటున్నారు. నిజమేనా? ఇంకొకటి, ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ లేకపోతే ఈ పని చేయకూడదని ఎక్కడో చదివాను. అది కౌన్సెలర్లందరికీ వర్తిస్తుందా?

చినవాల్తేరు | జూన్ 3, రాత్రి 11.05

నేను క్లినికల్ సైకాలజిస్టును, విశాఖపట్నంలో పనిచేస్తాను. మీ రెండు ప్రశ్నలకూ జవాబు చెబుతాను, కాస్త పొడుగవుతుంది.

దూరవిద్య సంగతి మొదట. ఒకప్పుడు చాలామంది అలాగే చదివారు. కానీ 2025 జూలై, ఆగస్టు ప్రవేశాల నుంచి సైకాలజీని దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ చెప్పకూడదని యూజీసీ ఆపేసింది. దీని వెనుక 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం ఉంది. ఆ చట్టం సైకాలజిస్టులను, వైద్య, మానసిక రంగాల సోషల్ వర్కర్లను, హెచ్‌ఐవీ కౌన్సెలర్ల వంటి వారిని కూడా ఆరోగ్య వృత్తుల జాబితాలో చేర్చింది. ఎవరైనా ఇప్పుడు దూరవిద్యలో సైకాలజీ సీటు ఇస్తామంటే డబ్బు కట్టకండి.

ఇక ఆర్‌సీఐ. భారత పునరావాస మండలికి చట్టబద్ధ హోదా ఇచ్చింది 1992 నాటి చట్టం. క్లినికల్ సైకాలజిస్టు అని బోర్డు పెట్టుకోవాలంటే ఆ మండలిలో నమోదు తప్పనిసరి. బడి కౌన్సెలర్‌కు, కుటుంబ సలహా కేంద్రంలో పనిచేసేవారికి ఆ నమోదు అడగరు. ఈ రెండూ కలిపేసి చాలామంది కంగారు పడుతున్నారు.

నా దారి ఇది: బీఏ, తర్వాత ఎంఏ సైకాలజీ, ఆ తర్వాత రెండేళ్లు ఎంఫిల్. ఎంఫిల్‌కు పీజీలో 55 శాతం మార్కులు కావాలి, రిజర్వేషన్ ఉన్నవారికి 50. నిమ్హాన్స్‌లోనూ, రాంచీలోని కేంద్ర మనోరోగ చికిత్సా సంస్థలోనూ చదవాలని అందరికీ ఉంటుంది, సీట్లు మాత్రం చాలా తక్కువ. నాకు మూడో ప్రయత్నంలో వేరేచోట వచ్చింది. ఆ రెండేళ్లూ ఉదయం నుంచి సాయంత్రం వరకు వార్డులోనే ఉంటాం. ఇంకో మాట, ఎంఫిల్ చదువులనే యూజీసీ ఎత్తివేసింది. క్లినికల్ సైకాలజీకి, సైకియాట్రిక్ సోషల్ వర్క్‌కు మాత్రం 2025-26 వరకు గడువు ఇచ్చింది. మీ అమ్మాయి ఆ మెట్టు దాకా వచ్చేసరికి ఐదేళ్లు గడుస్తాయి, ఆ కోర్సు పేరు మారిపోయి ఉంటుంది. పేరు వెంట పడకండి. ఆ రోజున ఆర్‌సీఐ జాబితాలో ఆ కోర్సు, ఆ కళాశాల ఉన్నాయో లేవో చూడండి, చాలు.

డబ్బు సంగతి ఆలోచించే ఇంట్లో ఇంకో విషయం కూడా చెప్పాలి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది. బుద్ధి మాంద్యం ఉన్న పిల్లల కోసం 1984లో పెట్టారు. అక్కడ పునరావాస రంగానికి చెందిన కోర్సులు నేర్పుతారు. పెద్ద ఆసుపత్రుల పేర్లే విని మనవాళ్లు ఇంటి పక్కనున్న దీన్ని మరచిపోతారు.

ఎవరూ ప్రస్తావించని సంగతి ఒకటి ఉంది. మేం చదివేదంతా ఇంగ్లీషులో. రోగి చెప్పేదంతా తెలుగులో. పుస్తకంలో డిప్రెషన్ లక్షణాలు తొమ్మిది ఉంటాయి. మా ఓపీకి వచ్చిన పెద్దావిడ వాటిలో ఒక్కటి కూడా చెప్పదు. “గుండెల్లో మంట బాబూ, తల మీద బండ పెట్టినట్టుంది, ఏ పనీ తోచడం లేదు, అన్నం మట్టిలా ఉంది” అంటుంది. నరాల బలహీనత అని మందుల దుకాణంలో బిళ్లలు కొనుక్కుని ఏడాది మింగి ఉంటుంది. దుఃఖం అనే మాట ఆమె నోటి వెంట రాదు, ఒళ్లు నొప్పులుగా వస్తుంది. శిక్షణ మొదటి నెలలో నేను ఒకాయనను “మీ మూడ్ ఎలా ఉంది?” అని అడిగాను. ఆయన నా ముఖం చూసి ఊరుకున్నారు. మా సీనియరు పక్కకు పిలిచి, “పొద్దున లేవగానే మనసుకు ఎలా ఉంటోందండీ, అని అడుగు” అన్నారు. అదే మనిషి అరగంట చెప్పారు. మీ అమ్మాయి తెలుగు బాగా చదివే పిల్ల అయితే ఆ అలవాటు మాన్పించకండి. ఇంగ్లీషు పాఠాలు చదవడానికి ఎంత అవసరమో, ఎదుటి మనిషిని వినడానికి తెలుగు అంత అవసరం.

డిగ్రీ చివరి ఏడు | జూన్ 4, ఉదయం 7.30

నేను హైదరాబాద్‌లో బీఏ సైకాలజీ ఇప్పుడే పూర్తి చేశాను. చేరేముందు నాకు ఎవరూ చెప్పని విషయాలు చెల్లికి చెబుతాను.

సైకాలజీ అంటే మనసు కబుర్లు అనుకుని వచ్చి మొదటి సెమిస్టర్‌లోనే ఏడ్చినవాళ్లు మా తరగతిలో ఉన్నారు, గణాంక శాస్త్రం చూసి. సగటు, ప్రామాణిక విచలనం, సహసంబంధం, ఇవన్నీ వస్తాయి. పీజీలో ఇంకా ఎక్కువ. భయపడేంత కాదు, కానీ ఉంటుందని తెలిస్తే మంచిది. బైపీసీ చదివిన నీకు మెదడు, నాడీ వ్యవస్థ, హార్మోన్ల పాఠాలు తేలిక. మాలో సీఈసీ వాళ్లకు నేనే అవి చెప్పేదాన్ని.

ప్రాక్టికల్స్‌లో అద్దంలో చూస్తూ నక్షత్రం గీయడం, బాణాల గుర్తులున్న రెండు గీతల్లో ఏది పొడుగో చెప్పించడం, అంకెలు గుర్తుపెట్టుకోవడం లాంటి ప్రయోగాలు ఉంటాయి. కౌన్సెలింగ్ మాత్రం ఒకే ఒక్క పేపరు. బడి కౌన్సెలర్ మేడమ్ చెప్పింది నిజమే, డిగ్రీ పునాది మాత్రమే.

కాంబినేషన్ విషయంలో నేను తప్పు చేశాను. జర్నలిజం, ఇంగ్లీషు, సైకాలజీ తీసుకున్నాను. సోషియాలజీ ఉన్నది తీసుకుని ఉంటే కులం, కుటుంబం, వలస గురించి చదివి ఉండేదాన్ని, ఇప్పుడు అవే కావాల్సి వస్తున్నాయి. చెల్లీ, ఎక్కడ దొరికితే అక్కడ సైకాలజీతో పాటు సోషియాలజీ తీసుకో.

హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీ హెల్త్ సైకాలజీ కూడా ఉంది. దానికి సీయూఈటీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి. ఈ ఏడాది రాయకపోతే పీజీకి మళ్లీ సీయూఈటీతో ప్రయత్నించవచ్చు. ఉస్మానియా పీజీకైతే సీపీగెట్ అనే ప్రవేశ పరీక్ష.

ఓరుగల్లు సోషల్ వర్కర్ | జూన్ 4, ఉదయం 10.10

ఎంఎస్‌డబ్ల్యు గురించి ఇక్కడ ఎవరూ గట్టిగా మాట్లాడలేదు కాబట్టి నేను రాస్తున్నాను. నేను మెడికల్ అండ్ సైకియాట్రిక్ సోషల్ వర్క్ ప్రత్యేక విభాగంగా చదివాను. ఏ డిగ్రీ చేసినవారైనా ఇందులో చేరవచ్చు. మా దగ్గర వారానికి రెండు రోజులు ఫీల్డ్‌వర్క్, రెండేళ్లపాటు. మిగతా రోజులు తరగతి. మొదటి ఏడాది బస్తీలో, రెండో ఏడాది ఆసుపత్రిలో. ప్రతి వారం నివేదిక రాసి చూపించాలి. హైదరాబాద్‌లో రోడా మిస్త్రీ కళాశాల, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయ సోషల్ వర్క్ విభాగం ఈ చదువుకు పాతకాలం నుంచి పేరున్నవి.

నా మొదటి ఉద్యోగం ఒక మద్యవిముక్తి కేంద్రంలో. జీతం 14 వేలు. అద్దె పోగా ఇంటికి ఏమీ పంపలేకపోయాను, అది దాచను. కానీ నేర్చుకున్నది ఎక్కువ. భర్త తాగుడు మానాలని భార్య తీసుకొస్తుంది. భర్తతో మాట్లాడితే పని సగమే అయినట్టు. చిట్టీ డబ్బు ఎవరి చేతిలో ఉంది, కూలి డబ్బు ఏ రోజు వస్తుంది, ఇంటికి వెళ్లే దారిలో బెల్టు షాపు ఉందా, ఇవన్నీ తెలిస్తేనే మనిషి నిలబడతాడు. ఒకాయన మూడుసార్లు మళ్లీ తాగి వచ్చాడు. నాలుగోసారి మేం చేసిందల్లా కూలి శనివారం సాయంత్రం కాకుండా ఆదివారం ఉదయం భార్య ఎదురుగా ఇచ్చేలా మేస్త్రీని ఒప్పించడం. ఆయన నిలబడ్డాడు. ఆ చూపు నాకు సోషల్ వర్క్ చదువు ఇచ్చింది.

హెచ్‌ఐవీ పరీక్ష చేసే ఐసీటీసీ కేంద్రాలు, హింసకు గురైన మహిళలకు సాయం చేసే సఖి కేంద్రాలు, బాలల సంరక్షణ విభాగాలు, ఇలాంటి చోట్ల ప్రకటనలు చూడండి. సైకాలజీ లేదా సోషల్ వర్క్ పీజీ అని చాలా వాటిలో రెండూ రాస్తారు. కానీ ఇవి ఎక్కువగా కాంట్రాక్టు ఉద్యోగాలు. ఈ మాట ముందే చెప్పడం నా బాధ్యత.

హ్యూస్టన్ తెలుగింటి అమ్మ | జూన్ 4, మధ్యాహ్నం 12.45

మా అమ్మాయి ఇక్కడ టెక్సాస్‌లో ఇదే చదువుతోంది. ఇక్కడి లెక్క వేరు. బ్యాచిలర్స్ ఏదైనా ఫరవాలేదు, 60 క్రెడిట్ల మాస్టర్స్ తప్పనిసరి. ఆ తర్వాత పరీక్ష రాసి, లైసెన్సు ఉన్న పర్యవేక్షకుల కింద 3,000 గంటలు పనిచేయాలి. అందులో కనీసం 1,500 గంటలు నేరుగా మనుషులతో కూర్చుని ఉండాలి. అప్పుడే పూర్తి లైసెన్సు. ఆ గంటలన్నీ మా అమ్మాయి ఒక పుస్తకంలో రాసుకుంటుంది. ఎన్ని గంటలు పని నేర్పిస్తారో అడగమని పైన బడి కౌన్సెలర్ మేడమ్ చెప్పిన మాట గుర్తొచ్చి రాస్తున్నాను, ఇక్కడ చట్టమే ఆ గంటలు అడుగుతోంది. మన దగ్గర చట్టం అడగని చోట కూడా అమ్మాయి తన గంటలు తాను రాసుకుంటే మంచిది.

ఇక్కడ తెలుగు వచ్చిన కౌన్సెలర్లు చాలా అరుదు. వీసా మీద వచ్చి ఇంట్లో ఒంటరిగా ఉండే కోడళ్లు, పిల్లలను చూసుకోవడానికి వచ్చిన అత్తగార్లు ఇంగ్లీషులో తమ బాధ చెప్పుకోలేరు.

లెక్కల మాస్టారు | జూన్ 4, సాయంత్రం 5.30

ఇవన్నీ చదివాక నా మాట కొంత వెనక్కి తీసుకుంటున్నాను. నర్సింగ్ మంచి చదువే, కానీ ఇష్టం లేని పిల్లకు అది చెప్పకూడదు. నా భయం మాత్రం పోలేదు. ఐదేళ్లు చదివాక పని దొరుకుతుందా? ఓరుగల్లు సోదరుడు 14 వేలు అన్నారు. అది దాచిపెట్టి పిల్లను పంపకూడదు.

బడి కౌన్సెలర్ | జూన్ 4, రాత్రి 8.50

మాస్టారూ, మీ భయం న్యాయమైనదే. నేను చూసిన మార్పు చెబుతాను.

నేను చేరినప్పుడు కౌన్సెలర్ ఉన్న బడులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ తర్వాత సీబీఎస్‌ఈ తన అనుబంధ నిబంధనల్లో కౌన్సెలర్ ఉండాలని పెట్టింది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న పదిహేడేళ్ల విద్యార్థిని మరణించిన కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు దేశం మొత్తానికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్‌ను గానీ, సైకాలజిస్టును గానీ, సోషల్ వర్కర్‌ను గానీ నియమించాలని అందులో ఉంది. కోచింగ్ కేంద్రాలకు, హాస్టళ్లకు కూడా ఇవి వర్తిస్తాయి. నాన్నగారూ, మీ అమ్మాయి హాస్టల్లో నాలుగు వందల మంది అన్నారు. అక్కడ ఒక మనిషి ఉండాలి. ఆదేశం వచ్చినంత మాత్రాన రేపే ఉద్యోగాలు పుట్టవు, అది నాకు తెలుసు. కానీ అర్హత అనే మాట అందులో ఉంది. అడిగే రోజు వచ్చినప్పుడు ఆరు నెలల కాగితం నిలబడదు, ఐదేళ్ల చదువు నిలబడుతుంది.

2022 అక్టోబరు నుంచి నడుస్తున్న ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోను టెలిమానస్ 14416 నంబరుకు కూడా తెలుగులో మాట్లాడేవారు కావాలి. ఈ చర్చ చదువుతున్న పిల్లలెవరికైనా మనసు బాగా లేకపోతే ఆ నంబరుకు ఎప్పుడైనా ఫోను చేయవచ్చు, డబ్బు ఖర్చు కాదు.

వైరా టీచర్ | జూన్ 5, ఉదయం 6.40

ఇప్పటికే ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవారి కోసం ఒక మాట. నేను ప్రభుత్వ పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. ఎన్‌సీఈఆర్‌టీ వారి గైడెన్స్ అండ్ కౌన్సెలింగ్ డిప్లొమా చేశాను. ఏడాది చదువు. ఆరు నెలలు ఇంటి నుంచి, మూడు నెలలు అక్కడే ఉండి, మూడు నెలలు మన బడిలోనే ఇంటర్న్‌షిప్. మన రాష్ట్రాలవారికి మైసూరు ప్రాంతీయ విద్యా సంస్థ. డిప్లొమా అంటే అన్నీ మోసం కాదని చెప్పడానికే రాస్తున్నాను. దీనిలో పని చేయించి నేర్పుతారు, అదే తేడా. ఇంటర్ అయిన అమ్మాయికి ఇది దారి కాదు, డిగ్రీ తర్వాత బీఎడ్ చేస్తే అప్పుడు ఆలోచించవచ్చు.

మిర్యాలగూడ నాన్న | జూన్ 5, రాత్రి 9.15

మా అమ్మాయి ఇవన్నీ చదివింది. తనే అడుగుతానంది. ఈ కింది మాటలు తనవి.

అందరికీ నమస్కారం అండీ. మేడమ్, నాకు ఒక భయం ఉంది. ఆ రోజుల్లో తను చెప్పింది విని నేను పడుకున్నాక నాకు నిద్ర పట్టేది కాదు. ఒక్కోసారి తనతో పాటు నేనూ ఏడ్చేదాన్ని. అలా ఏడ్చేవాళ్లు ఈ పనికి పనికిరారని మా బంధువు ఒకరు అన్నారు. నిజమేనా? ఇంకో విషయం, తను ఎవరికీ చెప్పవద్దని ఒట్టు వేయించుకుంది. నేను వార్డెన్‌కు చెప్పాను. అది తప్పా?

బడి కౌన్సెలర్ | జూన్ 5, రాత్రి 10.40

అమ్మా, రెండో ప్రశ్నకు ముందు జవాబు. తప్పు కాదు. తిండి మానేసిన మనిషి ప్రాణం ఒట్టు కంటే పెద్దది. ఈ వృత్తిలో కూడా అదే నియమం. మా దగ్గర చెప్పింది బయటకు పోదని మొదటి రోజే చెబుతాం. వెంటనే, నీ ప్రాణానికి గానీ మరొకరి ప్రాణానికి గానీ ముప్పు ఉంటే పెద్దవాళ్లకు చెప్పక తప్పదు అని కూడా చెబుతాం. పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే ఫిర్యాదు చేయడం 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి, మన ఇష్టానికి వదలలేదు. ఒట్టు వేసి తర్వాత తప్పడం కంటే, ముందే ఆ హద్దు చెప్పి కూర్చోవడం నేర్పుతారు నీకు.

ఇక ఏడుపు. నేను కూడా ఏడ్చాను. ఎమ్మెస్సీ రెండో ఏడాదిలో మేం ప్రతి సంభాషణనూ మాట పొల్లుపోకుండా రాసి తీసుకెళ్లాలి. మా మేడమ్ ఎర్ర పెన్నుతో దిద్దేవారు. నా మొదటి నివేదికలో ఆమె ఆరుచోట్ల గీత గీశారు. “నువ్వు ఆ తల్లిని ఆరుసార్లు ‘ఎందుకు’ అని అడిగావు. ఎందుకు అని అడిగితే మనిషి సంజాయిషీ చెబుతాడు. ఎలా జరిగింది అని అడుగు” అన్నారు. చివరి పేజీలో నేను ఏడ్చానని రాశాను, కోప్పడతారేమో అనుకుంటూనే. ఆమె దాని కింద గీత గీయలేదు. “ఇది ఎవరి ఏడుపు?” అని పక్కన రాశారు. రెండు వారాలు దాని మీదే మాట్లాడుకున్నాం. ఆ తల్లి గొంతు మా అమ్మమ్మ గొంతులా ఉందని నాకు అప్పుడు తెలిసింది. సూపర్విజన్ అంటే ఇదే అమ్మా. నీకు ఆ రాత్రులు అలాంటి మనిషి లేరు, అందుకే నిద్ర పట్టలేదు. నువ్వు పనికిరాకపోవడం వల్ల కాదు.

చినవాల్తేరు | జూన్ 5, రాత్రి 11.20

మేడమ్ మాటకు ఒకటే కలుపుతాను. శిక్షణలో ఉన్న రోజుల్లో నేను కూడా ఒక సీనియరు దగ్గరకు వెళ్లి నా బాధ చెప్పుకున్నాను. ఇప్పటికీ నెలకు ఒకసారి వెళ్తాను.

మిర్యాలగూడ నాన్న | జూన్ 9, రాత్రి 10.05

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. శనివారం మిల్లుకు సెలవు పెట్టి నేనూ అమ్మాయీ హైదరాబాద్ వెళ్లి మూడు కళాశాలలు చూశాం. మేడమ్ చెప్పిన ప్రశ్నే అడిగాం. ఒకచోట ఉద్యోగాల శాతం గురించి చెప్పారు కానీ ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. రెండోచోట అది పీజీలో చూసుకోవాలండీ, ఇక్కడ ఉండదు అని ఉన్నది ఉన్నట్టు చెప్పారు. మూడోచోట లెక్చరర్ మేడమ్ లోపలికి తీసుకెళ్లి బీరువా తెరిచి పిల్లల ప్రాక్టికల్ రికార్డులు చూపించారు. చివరి సంవత్సరంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల బడికి నెల రోజులు పంపుతారట. ఆ రికార్డుల్లోనూ ఎర్ర పెన్ను దిద్దుబాట్లు ఉన్నాయి. మా అమ్మాయి ఒకటి తీసి నిలబడే పది నిమిషాలు చదివింది. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను.

సైకాలజీ, సోషియాలజీ ఉన్న బీఏకు మొదటి ఆప్షన్ అదే పెట్టాం. రెండోది ఉన్నమాట చెప్పిన కళాశాల. మూడేళ్ల తర్వాత సైకాలజీ పీజీయా, ఎంఎస్‌డబ్ల్యునా అన్నది అప్పుడు తనే తేల్చుకుంటానంది. మాస్టారూ, డబ్బు గురించి మీరు అన్నది మరచిపోలేదు. పీజీకి విద్యా రుణం గురించి బ్యాంకులో ఇప్పుడే కనుక్కుని వచ్చాను.

ఇంకొక్క సహాయం. కళాశాలకు దగ్గర్లో అమ్మాయిల హాస్టల్ వెతుకుతున్నాం. రాత్రి పూట పిల్లలు వచ్చి మాట్లాడితే వినే వార్డెన్ ఉన్న హాస్టల్ ఎవరికైనా తెలిస్తే చెప్పండి. అద్దె కాస్త ఎక్కువైనా చూసుకుంటాను.

డిగ్రీ చివరి ఏడు | జూన్ 9, రాత్రి 10.30

అంకుల్, మూడేళ్లు నేను ఉన్న హాస్టల్ ఆ చుట్టుపక్కలే. వార్డెన్ ఆంటీ రాత్రి పదకొండు వరకు వరండాలో కూర్చునే ఉంటారు, పూలు కట్టుకుంటూ. నాకు జ్వరం వచ్చినప్పుడు పక్కనే ఉన్నారు. చిరునామా మీకు విడిగా సందేశంలో పంపుతున్నాను. చెల్లిని తీసుకుని పగలు కాకుండా సాయంత్రం వెళ్లండి, ఆవిడ అప్పుడే తీరికగా మాట్లాడతారు.